కూర్మయ్య గారి ఉప్పు, పిన్నింటి వారి పరదా

బొడ్డవలసలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే ఊరంతా నవ్వి ఊరుకుంటుంది. అదే మాట పిన్నింటి వాళ్ళని అడిగితే మాత్రం జవాబు తడుముకోకుండా వస్తుంది. మా ఇంట్లోనే అంటాడు పెద్దవాడు గౌరీసు. మా ఇంట్లోనే అంటాడు తమ్ముడు తౌడు. గౌరీసు పెళ్ళాం దమయంతీ అదే అంటుంది, అందరికంటే గట్టిగా తల్లి అసిరమ్మ అంటుంది. నలుగురు మనుషులు ఒకే మాట అంటుంటే అది అబద్ధం ఎలా అవుతుందని గౌరీసు వాదన.

గౌరీసు తెలివికి ఒక మచ్చు చెప్పుకోవాలి. ఓసారి ఇంటి తాళంచెవి ఎక్కడైనా పోతుందేమోనని భయపడి, దాన్ని భద్రంగా ఇంట్లోనే పెట్టి, బయట తాళం నొక్కేశాడు. అప్పట్నుంచి ఆ చెవి ఒక్కసారి కూడా పోలేదు. ఇంటిల్లిపాదీ కిటికీలోంచి దూరి వస్తూ పోతూ ఉన్నారు, అది వేరే సంగతి.

ఇంత తెలివి వాళ్ళకి ఎక్కడిదంటే, పోయిన తండ్రి ఇచ్చిపోయిందే. ఎవరైనా ఒక మాట చెబితే అందులోంచి గింజంత తియ్యకూడదు, గింజంత కలపకూడదు, చెప్పింది చెప్పినట్టు చెయ్యాలని ఆయన నేర్పాడు. ఆ మాటనీ వాళ్ళు చెప్పింది చెప్పినట్టే పాటిస్తున్నారు.

వాళ్ళకో వ్యాను ఉంది. వెనక తొట్టి ఉన్న చిన్న సరుకుల బండి. గౌరీసుకి ప్రాణం. అయితే మూణ్ణెల్లుగా అది ఇంటి ముందు ఊరికే నిలబడి ఉంది. కిందటిసారి ఒకాయన ఇటుకలకి పిలిచి, ఒక్కటి కూడా పగలకూడదు సుమా అన్నాడు. ఇంకేముంది, తలో ఇటుకా ఒళ్ళో పెట్టుకుని, ట్రిప్పుకి నాలుగు చొప్పున తొమ్మిది రోజులు తోలారు. ఒక్కటి పగల్లేదు. ఆ ఇల్లు కట్టుకునే ఆయన మాత్రం విసిగిపోయి తాటాకు పాక వేసుకున్నాడు. అప్పట్నుంచి వీళ్ళ బండికి లోడు చెప్పినవాడు లేడు. ఇంకో నెల ఇలాగే ఉంటే బండి అమ్మెయ్యడమేనని దమయంతి అనేసరికి గౌరీసుకి అన్నం సహించడం మానేసింది.

అలాంటి రోజుల్లో ఉప్పు కొఠారు కూర్మయ్య గారు వెతుక్కుంటూ వచ్చారు. సముద్రం ఒడ్డున ఆయనకి ఉప్పు మళ్ళున్నాయి. మామిడికాయల కాలం, చుట్టుపక్కల వ్యాన్లన్నీ కాయల మీద పోయాయి. వీళ్ళది తప్ప ఇంకో బండి దొరకలేదు. దొరికి ఉంటే ఆయన వచ్చేవారే కాదు, ఆ సంగతి మొహం చూస్తేనే తెలుస్తోంది.

"చూడు గౌరీసూ, గురువారం పొద్దుగూకే లోపల నలభై బస్తాల ఉప్పు పాలకొండలో ఊరగాయల సుభద్రమ్మ గారికి చేరాలి. ఆవిడ కాయలు కొట్టించి కూర్చుంటుంది. వాన మబ్బుగా ఉంది. ఉప్పు పొడిగా చేర్చావా, ఈ సీజనంతా లోడు నీదే. తడిపావా, మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

తొక్కకుండా దాటి రావచ్చా అని తౌడు అడిగాడు. కూర్మయ్య గారు వెళ్తూ వెళ్తూ తొట్టి మీదకి మంచి పరదా ఒకటి కొనుక్కోమని చెప్పి వెళ్ళారు.

బండి నిలబడాలంటే ఈ లోడు పొడిగా చేరాలి. గౌరీసుకి ఆ ఒక్కటీ బాగా బుర్రకెక్కింది. మర్నాడే టౌనుకి పోయి, సీటు కవర్లు కుట్టే జిలానీ దగ్గర నల్ల రెగ్జిన్ పరదా కొన్నాడు. దళసరిగా, నున్నగా, చుట్టూ తాళ్ళు దూర్చే బెజ్జాలతో అది ఎంత బాగుందంటే, మోసుకొస్తున్నంతసేపూ గౌరీసు దాన్ని ముద్దుగా తడుముతూనే ఉన్నాడు. కాకపోతే ఏడాదిగా కొట్టు ముందు వేలాడి రోడ్డు దుమ్మంతా పట్టింది. అందుకే జిలానీ ఇలా చెప్పాడు:

"ముందు పొడిగుడ్డతో దుమ్ము దులుపు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు. చంటిపిల్లకి పోసినట్టు పొయ్యాలి. గట్టి బ్రష్షు పెట్టి గీక్కు, పైపొర లేచిపోద్ది. నీడలో ఆరబెట్టు. బాగా ఆరాక ఈ సీసాలో పాలిష్ రాయి, ఎండకి బీటలు వారకుండా. పల్చగా రాయాలి, రాసినట్టు కంటికి కనపడకూడదు. ఊరికే ఎండలో పడెయ్యకు, మీద నీళ్ళు నిలవనీకు. ఇంట్లో మనిషిలా చూసుకుంటే నీ బండి కంటే ఎక్కువ కాలం ఉంటది."

గౌరీసు ఇంటికొచ్చి ఆ మాటలన్నీ ఒక్కటి కూడా పొల్లు పోకుండా అప్పజెప్పాడు. అక్కడే పొరపాటు జరిగింది. కాస్త మరిచిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

బుధవారం పొద్దున్నే పని మొదలైంది. ముందు పొడిగుడ్డ కావాలి. దమయంతి అప్పుడే గుడ్డలన్నీ ఉతికి ఆరేసింది, అన్నీ తడివే. ఇల్లంతా వెతికితే పొడిగా దొరికింది పెట్టె అడుగున ఉన్న పెళ్ళినాటి పట్టుచీర ఒక్కటే. దాంతోనే దులిపారు. పరదా తళతళలాడింది. చీర సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే చీర గురించి జిలానీ ఏమీ చెప్పలేదు.

తర్వాత స్నానం. అసిరమ్మ ఊళ్ళో సగం మంది చంటిపిల్లలకి నీళ్ళు పోసిన చెయ్యి. పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని, తేండి బిడ్డని అంది. తెచ్చారు. బిడ్డ పదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. అసిరమ్మ కాళ్ళ మీద పట్టినంత పట్టి మిగతాదంతా నేలమీద పొర్లింది. అంతే, ఆవిడ పక్కన గౌరీసు, గౌరీసు పక్కన దమయంతి వరసగా పీటలు వేసుకుని కాళ్ళు చాపారు. ఆరు కాళ్ళ మీద పరదా సుఖంగా పడుకుంది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. దాని తల ఎటువైపో తెలీలేదు. తౌడు ఇటు అన్నాడు, దమయంతి అటు అంది. కాళ్ళనుకుని తల మీద చెంబుడు నీళ్ళు గుమ్మరిస్తే బిడ్డకి ఉక్కిరిబిక్కిరి అయిపోదూ అని అసిరమ్మ కంగారు. గౌరీసు కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి తీర్పు చెప్పాడు.

"రెండు వైపులా తలే అనుకుందాం. అప్పుడు ఎటు పోసినా జాగ్రత్తగానే పోస్తాం."

ఇలాంటివి తనకే ఎలా తోస్తాయో గౌరీసుకే ఆశ్చర్యం.

అసిరమ్మ నువ్వులనూనె పట్టించింది. నాలుగు మూలలూ పట్టుకుని కాళ్ళూ చేతులూ సాగదీసినట్టు సాగదీసింది. సున్నిపిండితో నలిచింది. అరచెయ్యి అడ్డం పెట్టి నీళ్ళు పోసింది. సాంబ్రాణి పొగ పట్టింది, మూలకో కాటుక చుక్క పెట్టింది, దిష్టి తీసి పారేసింది. అంతా అయ్యాక ఆవిడ మొహం వాడిపోయింది. బిడ్డ ఏడవలేదు. నీళ్ళు పోస్తే ఏడవని బిడ్డని ఆవిడ తన జన్మలో చూడలేదట. కడుపునొప్పేమో, వాము నీళ్ళు పట్టిద్దామా అని దమయంతి అడిగింది గానీ, ఎటు పట్టించాలో తెలీక మానుకున్నారు.

"పడుకున్నట్టుందే అమ్మా, గొంతు తగ్గించండి" అన్నాడు తౌడు.

అంతే, ఆ తర్వాత ఇంట్లో అందరూ గుసగుసల్లోనే మాట్లాడుకున్నారు.

నూనె పూసిన రెగ్జిన్‌కి సున్నిపిండి అంటుకుపోయింది. ఆ పిండి కోసం వీధిలో కోళ్ళన్నీ వచ్చి పరదా ఎక్కాయి. దమయంతి తోలబోతే గౌరీసు వద్దని సైగ చేశాడు. జిలానీ బ్రష్షు వద్దన్నాడు గానీ కోడి వద్దనలేదు. కోళ్ళు పిండి శుభ్రంగా ఏరుకుని, చెయ్యాల్సింది చేసేసి పోయాయి. మళ్ళీ స్నానం. ఈసారి నూనె లేకుండా. ఈసారీ బిడ్డ ఏడవలేదు.

ఇక నీడలో ఆరబెట్టాలి. ఇంటికి పడమటి వైపు నీడ బాగా ఉంది. అక్కడ పరిచి కాస్త నడుం వాల్చారో లేదో, నీడ జరిగిపోయింది. పరదా అంచు మీద ఎండ పడింది. నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని పరదాని నీడలోకి జరిపారు. నీడ మళ్ళీ జరిగింది. వీళ్ళూ మళ్ళీ జరిపారు. అలా నీడ వెనకాలే నడుచుకుంటూ మిట్టమధ్యాహ్నానికి గోడకి ఆనుకుపోయారు. ఇంకేముంది, నీడ అయిపోయింది. ఎదురింటి నీడ అడుగుదామంటే వాళ్ళదీ అయిపోయింది.

ఆ సమయంలో దేశంలో నీడ మిగిలింది ఒక్క వ్యాను కిందే. పరదాతో పాటు నలుగురూ పాక్కుంటూ బండి కిందకి దూరారు.

వాళ్ళు అక్కడ ఉండగానే కొఠారు నుంచి ఫోను, లోడు రెడీగా ఉంది రమ్మని. బండి తీస్తే నీడ పోతుంది. తియ్యకపోతే లోడు పోతుంది. గౌరీసు బండి కింద వెల్లకిలా పడుకుని చాలాసేపు ఆలోచించాడు. నీడ బండిది. బండి ఎక్కడికి పోతే నీడా అక్కడికే పోతుంది. కాబట్టి పరదా ఆ నీడలోనే ఉంటూ బండితో పాటు పోతే సరి.

అలా తౌడు పరదాని నెత్తిమీద పరుచుకుని పరిగెత్తడం మొదలెట్టాడు. పొద్దు పడమటికి వాలింది, కొఠారుకి తూర్పుగా పోవాలి, నీడ బండి ముందు పడుతోంది. కాబట్టి తౌడు ముందు, బండి వెనక. దారి ఉత్తరానికి తిరిగితే నీడ కుడిపక్కన పొలాల్లో పడింది. తౌడు పొలాల్లో పడ్డాడు. గట్ల మీంచి, ముళ్ళ కంచెల మీంచి, ఒకరి మిరపమడిలోంచి కూడా పరిగెత్తాడు. ఎదురొచ్చిన వాళ్ళు వాణ్ణి బండి తరుముతోందనుకుని దారి ఇచ్చారు. కొఠారు చేరేసరికి పరదా ఎండుటాకులా ఆరింది. తౌడు మాత్రం చెమటతో నిలువునా తడిశాడు. వాణ్ణి ఎక్కడ ఆరబెట్టాలో జిలానీ చెప్పలేదు కాబట్టి ఊరుకున్నారు.

కూలీలు బస్తాలు ఎత్తుతుండగా ఇక్కడ పాలిష్ పని మొదలైంది. పల్చగా రాయాలి, రాసినట్టు కంటికి కనపడకూడదు. గౌరీసు సీసా మూత తీశాడు, నలుగురి చేతుల్లోనూ పోశాడు, అందరినీ కళ్ళు గట్టిగా మూసుకోమన్నాడు. ఎవరైనా దొంగచాటుగా చూశారో పరదా పాడైపోద్దని హెచ్చరించాడు కూడా. కళ్ళు మూసుకుని, చేతులు చాచి, దొరికిన చోటల్లా రుద్దారు. ఎవరి కంటికీ ఏమీ కనపడలేదు. కళ్ళు తెరిచేసరికి బండి అద్దం మెరుస్తోంది, సీట్లు మెరుస్తున్నాయి, స్టీరింగు మెరుస్తోంది, బస్తా ఎత్తుతున్న ముసలి కూలీ బట్టతల అన్నిటికంటే ఎక్కువ మెరుస్తోంది. పరదాకి మాత్రం ఒక్క చుక్క అంటలేదు.

"చూసావా, ఎంత పల్చగా రాసామో. ఉన్నట్టే లేదు" అని దమయంతి మురిసిపోయింది.

బస్తాల మీద పరదా కప్పి, తాళ్ళు బిగించి బయల్దేరారు. స్టీరింగు చేతిలో నిలవదు, చేపలా జారుతోంది. గౌరీసు తువ్వాలు చుట్టి పట్టుకున్నాడు. పక్క సీట్లో అసిరమ్మ, దమయంతి జారకుండా ఒకరినొకరు పట్టుకున్నారు. తౌడు వెనక బస్తాల మీద.

సగం దారిలో, ఒక కల్వర్టు దగ్గర, మొదటి చినుకు పడింది. పడింది పరదా మీద. తౌడు పైనుంచి బండి టాపు దబదబా బాదాడు. గౌరీసు బ్రేకు తొక్కి దిగి చూస్తే, పరదా మీద చిన్న గుంటలో అప్పుడే చెంచాడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. మీద నీళ్ళు నిలవనీకు అని జిలానీ స్పష్టంగా చెప్పాడు. పైగా పొద్దుట్నించి పడ్డ పాటు, రెండు స్నానాలు, పొలాల్లో పరుగు, అంతా గంగలో కలిసిపోతుంది.

గౌరీసు ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. నలుగురూ కలిసి తాళ్ళు విప్పేశారు, పరదాని మడతపెట్టారు, సీట్లో అసిరమ్మ ఒళ్ళో భద్రంగా కూర్చోబెట్టారు. చోటు చాలక దమయంతి వెనక్కి పోయి తౌడు పక్కన వానలో కూర్చుంది. ఉన్న ఒక్క గొడుగూ అద్దంలోంచి జల్లు కొట్టకుండా పరదాకే అడ్డం పెట్టారు.

ఉప్పు తడవదా అన్న ఆలోచన గౌరీసుకి రాలేదని అనుకోకండి. వచ్చింది. దానికి సమాధానమూ వెంటనే వచ్చింది. ఉప్పు పుట్టిందే సముద్రంలో. పుట్టినప్పట్నించీ నీళ్ళలోనే పెరిగింది. దానికి ఈ వాన ఒక లెక్కా? పాపం పరదా అలా కాదు, కొట్లో పెరిగింది.

వాన గంటసేపు దంచి కొట్టింది. కల్వర్టు పక్క పల్లంలో బండి ఆగి ఉంది. తొట్టి సందుల్లోంచి తెల్లటి నీళ్ళు ధారగా దిగి కిందున్న గుంటలోకి పోతున్నాయి. బండి తేలికైన కొద్దీ లేచి నిలబడుతుంటే, వాన పడితే బండికి కూడా హుషారొచ్చింది చూడండని తౌడు అన్నాడు.

పొద్దుగూకకముందే పాలకొండ చేరారు. సుభద్రమ్మ గారు పెద్దావిడ. ముంగిట్లో ఆడవాళ్ళంతా కత్తిపీటల ముందు కూర్చుని ఉన్నారు, కొట్టిన మామిడి ముక్కలు గుట్టగా పోసి ఉన్నాయి. ఉప్పు పడితే గానీ ఆ ముక్కలు నిలవవు. ఆవిడ ఆత్రంగా వచ్చి తొట్టిలోకి తొంగి చూసింది. నలభై ఖాళీ సంచులు, పిండి ఆరెయ్యాల్సిన బట్టల్లా, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి.

"ఉప్పేది నాయనా?" అంది.

గౌరీసు గర్వంగా నవ్వి, తల్లి ఒళ్ళోంచి పరదా తెచ్చి, ఆవిడ ముందు విప్పి పరిచాడు. ముట్టుకుని చూడమన్నాడు. ఒక్క చుక్క తడిలేదని, మూల మూలా చూసుకోవచ్చని చెప్పాడు.

సుభద్రమ్మ గారు పరదా వంక చూసింది, గౌరీసు వంక చూసింది, మామిడి ముక్కల వంక చూసింది. "అయితే ఊరగాయలో ఉప్పుకి బదులు ఈ పరదా వేసుకోమంటావా?" అంది.

ముక్కకెంత పరదా పడుతుందండీ అని తౌడు అడిగాడు. గౌరీసు మాత్రం ఒప్పుకోలేదు. పరదా తమకి కావాలని, ఇంకేదైనా వేసుకోమని మర్యాదగానే చెప్పాడు. ఆవిడ లోపలికి పోయి కూర్మయ్య గారికి ఫోను చేసింది. ఆ ఫోన్లో ఏమేం మాటలు దొర్లాయో ఇక్కడ రాయడం బాగోదు. రేపు సాయంత్రం దాకా చూస్తానని, ఆ తర్వాత ఈ ముక్కలన్నీ ఆయన గుమ్మంలోనే పోయిస్తానని మాత్రం అంది.

గౌరీసుకి అప్పుడు తెలిసొచ్చింది, ఉప్పు పోతే సీజను పోతుంది, సీజను పోతే బండి పోతుంది. కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యాడు. పోయిన ఉప్పు ఎక్కడ పోయిందో తెలిస్తే తెచ్చుకోవచ్చు కదా అని దమయంతి అడిగింది. ఎక్కడ పోయిందో నలుగురూ కళ్ళారా చూశారు. కల్వర్టు దగ్గర గుంటలో.

గురువారం తెల్లవారి ఆ గుంట దగ్గరికి చేరారు. తౌడు దోసిట్లో తీసుకుని రుచి చూశాడు. ఉప్పగానే ఉంది, కాస్త గేదె వాసన కూడా ఉంది. ఇంకేముంది, దొరికిందన్నమాట. కూర్మయ్య గారు మాత్రం ఉప్పు ఎలా తీస్తున్నారు? మడిలో నీళ్ళు పెట్టి ఎండనిస్తే ఉప్పు మిగులుతోంది. తమకి మడి లేదు గానీ పరదా ఉంది. గట్టు మీద పరదా పరిచి, అంచులు మట్టితో ఎత్తు చేసి, బిందెలతో గుంటలో నీళ్ళు తోడి పోశారు. నీళ్ళు నిలవకూడదు కదా అని అసిరమ్మ గుర్తు చేస్తే, అవి నీళ్ళు కావే అమ్మా, కరిగిన ఉప్పు అని గౌరీసు సర్దిచెప్పాడు.

అంతలో ఎండొచ్చింది. నేరుగా పరదా మీద పడింది. ఎండలో పడెయ్యకు అన్న జిలానీ మాట నలుగురికీ ఒకేసారి గుర్తొచ్చింది. అంతే, పరుగున పోయి కొబ్బరి కమ్మలు తెచ్చి, గుంజలు పాతి, పరదా మీద చక్కటి పందిరి వేశారు. పందిరి కింద చల్లగా ఉంది. నలుగురూ చుట్టూ కూర్చుని ఉప్పు ఎప్పుడు తేలుతుందా అని చూస్తున్నారు.

కూర్మయ్య గారు మోటారు సైకిలు మీద వచ్చేసరికి వాళ్ళు అలాగే ఉన్నారు. ఆయన బండి దిగి, పందిరి చూసి, పందిరి కింద గుంటనీళ్ళు చూసి, ఏమిటిదని అడిగి, వాళ్ళు చెప్పిందంతా విన్నారు. తిట్టడానికే వచ్చిన మనిషి, ఎక్కడ మొదలెట్టాలో తోచక పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయారు. వేరే బండి ఉందా అంటే లేదు. సాయంత్రానికి ఉప్పు చేరకపోతే సుభద్రమ్మ గారు అన్నంత పనీ చేస్తుంది. చేసేది లేక ఆ నలుగుర్నే మళ్ళీ కొఠారుకి తీసుకుపోయి, ఇంకో నలభై బస్తాలు ఎక్కించారు. పరదా తుడిపించి, తన చేత్తోనే కప్పి, తన చేత్తోనే తాళ్ళు బిగించారు. తర్వాత గౌరీసు భుజం పట్టుకుని, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు.

"విను. ఉప్పు కోసం పరదా, పరదా కోసం ఉప్పు కాదు. కప్పిన పరదా కప్పినట్టే ఉండాలి. వానొచ్చినా విప్పొద్దు, ఎండొచ్చినా విప్పొద్దు. ఎవరు చెప్పినా విప్పొద్దు. ఆఖరికి నేను చెప్పినా సరే, విప్పొద్దు. ఉప్పు పొడిగా ఉందా, నా మాట మీద నిలబడతాను, సీజను నీదే."

గౌరీసు ఆ మాటల్ని దారంతా వల్లె వేసుకున్నాడు. కల్వర్టు దగ్గర మళ్ళీ వాన పట్టుకుంది. పరదా తడుస్తుంటే అసిరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, చంటిది తడిసిపోతోందిరా అంది. అయినా గౌరీసు చెయ్యి వెయ్యలేదు. వాన వెలిసింది, ఎండ కాసింది, అప్పుడూ చెయ్యి వెయ్యలేదు. తనని చూసి తనకే ముచ్చటేసింది.

పాలకొండలో సుభద్రమ్మ గారు వీధిలోనే నిలబడి ఉంది. బండి ఆగగానే కూలీలు తాళ్ళ మీద చెయ్యి వేశారు. తౌడు ఒక్క దూకు దూకి పరదా మీద బోర్లా పడుకున్నాడు.

విప్పడం కుదరదని గౌరీసు చెప్పాడు. విప్పకపోతే ఉప్పు ఎలా దింపుతార్రా అని ఆవిడ అడిగింది. అది తనకి తెలీదని, దింపమని ఎవరూ చెప్పలేదని, పొడిగా ఉంచమని మాత్రమే చెప్పారని గౌరీసు అన్నాడు. ఆవిడ బతిమాలింది, కోప్పడింది, మజ్జిగ ఇచ్చింది. మజ్జిగ తాగారు గానీ విప్పలేదు. ఆఖరికి కూర్మయ్య గారికి ఫోను కలిపి గౌరీసు చెవికి పెట్టింది.

"ఒరే గౌరీసూ, పరదా విప్పరా, నీకు పుణ్యముంటుంది" అన్నారాయన.

గౌరీసు చిన్నగా నవ్వుకున్నాడు. ఎంత పెద్ద మనిషి, ఎంత చక్కగా పరీక్ష పెడుతున్నాడు. "మీరు చెప్పినా విప్పొద్దని మీరే చెప్పారు కదండీ. నేను మర్చిపోతానా బాబుగారూ" అన్నాడు.

ఆయన, నిన్న చెప్పిన మాట వేరు, ఇవాళ చెప్పే మాట వేరన్నారు. పొద్దున్నే కదండీ చెప్పారు, నిన్న కాదు అని గౌరీసు సరిదిద్దాడు. ఆయన అరిచారు. అరిచిన కొద్దీ గౌరీసు ఇంకా గట్టిపడ్డాడు. ఇంత గట్టిగా అడుగుతున్నారంటే పరీక్ష ఆఖరికొచ్చిందన్నమాట అనుకుని, దణ్ణం పెట్టి ఫోను తిరిగి ఇచ్చేశాడు. సుభద్రమ్మ గారు ఇంకోమాట మాట్లాడకుండా, ముక్కలు కొట్టే ఆడవాళ్ళందరికీ తలో సంచీ ఇచ్చి, ఊళ్ళో ఎన్ని కిరాణా కొట్లుంటే అన్నిటికీ ఉప్పు పొట్లాలకి తోలింది. మామిడి ముక్కలు అలా గట్టెక్కాయి.

బండి తిరిగి కొఠారుకి వచ్చింది. కూర్మయ్య గారు వాకిట్లోనే ఉన్నారు. కూలీలంతా పని ఆపి చుట్టూ మూగారు. గౌరీసు దిగి, చేతులు కట్టుకుని, చూసుకోమన్నాడు. ఆయన పరదా అంచు కింద చెయ్యి దూర్చి బస్తా తడిమారు. పొడిగా, గలగలలాడుతూ ఉంది ఉప్పు. చెయ్యి కాస్త పైకెత్తబోతే తౌడు సున్నితంగా పట్టుకుని వెనక్కి తీసేశాడు.

ఎలాగుందండీ అని గౌరీసు అడిగాడు. పొడిగానే ఉందని ఆయన ఒప్పుకోక తప్పలేదు. మరి మీ మాట అని గౌరీసు అడిగాడు. కూలీలు నవ్వాపుకుంటూ ఆయన మొహమే చూస్తున్నారు. కూర్మయ్య గారు పాతకాలం మనిషి, ఇచ్చిన మాట నలుగురి ముందు తప్పలేరు. అరుగు మీద కూలబడి నీరసంగా చెయ్యి ఊపారు.

"సరేరా. సీజను నీదే. రేపు పొద్దున్న పాతపట్నం పోవాలి, నలభై బస్తాలు. వచ్చి ఎత్తుకో."

దమయంతి ఆనందం పట్టలేక అత్తగారిని కావలించుకుంది. తౌడు పరదా మీద చెంప ఆనించాడు. బండి నిలబడింది, ఇక అమ్మక్కర్లేదు. ఇన్నాళ్ళకి గౌరీసుకి మళ్ళీ ఆకలేసింది. అయితే తెలివైనవాడు కదా, వెళ్ళి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, బిగించిన తాళ్ళు చూశాడు, నిండుగా ఉబ్బి ఉన్న పరదా చూశాడు. మెల్లిగా తిరిగొచ్చి కూర్మయ్య గారి ముందు కూర్చున్నాడు. మనసు కష్టపెట్టకూడదని గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"ఏటనుకోకండి బాబుగారూ. పని ఇచ్చారు, సంతోషం. కానీ ఈ సీజనుకి మా బండిలో జాగా లేదండి. ఉప్పుంది."